ఎనభై ఒకటో పేజీ

షార్జా, అల్ నహదా.
ఇరవై ఎనిమిది అంతస్తుల మీద లిఫ్టు మోటారు గది.
ఆగస్టులో ఈ ఊళ్లో చల్లగా ఉండేవి రెండే,
ఈ గదీ శవాల గదీ అంటాడు మస్తాన్‌వలి.

పుస్తకం వాడే తెచ్చాడు ఒంగోలు నుంచి,
గోంగూర సీసా పక్కన పడుకోబెట్టి.
మూత కారింది.
ముప్పై నాలుగో పేజీలో ఒక మాట నూనెలో మునిగిపోయింది.
వకుళ ఎవర్ని పిలిచిందో తెలుసు.
ఏమని పిలిచిందో తెలీదు.

ఇంతకు ముందువి ఏడూ చదివాను.
విశాఖలో రాత్రిళ్లు వీధిదీపాలు చూసుకునే వకుళ,
డాబా గార్డెన్స్ సిగ్నల్లో కాపురమున్న బేతాళుడు.
ఎర్రదీపం వాడి కన్ను,
పచ్చదీపం వాడి పరాచికం.
పేరు లేదు. ఏడు పుస్తకాల్లో ఎక్కడా లేదు.
"ఒరే సిగ్నలూ" అంటుంది వకుళ, పలుకుతాడు.
పేరెలా పోయిందని ఒకసారి అడిగితే
"ట్రాఫిక్‌లో" అన్నాడు.
అప్పుడు నేను గట్టిగా నవ్వితే
డ్యూటీ బస్సులో పక్కన నిద్రపోతున్న
బంగ్లాదేశీ కుర్రాడు ఉలిక్కిపడి లేచాడు.

ఇప్పుడీ బుల్లి పుస్తకం. తొంభై ఆరు పేజీలు.
అన్నిటికన్నా చివర రాసింది,
అన్నిటికన్నా ముందు జరిగింది.
మొదటి పేజీలోనే ఒక ట్రాఫిక్ కానిస్టేబులు
అల్లం టీ గ్లాసు అంచు రెండు వేళ్లతో పట్టుకుని
ఆటోవాణ్ణి ఏడిపిస్తున్నాడు.
గొంతు గుర్తుపట్టాను.
కొందరు ఫోన్లో దగ్గినా తెలిసిపోతారే, అలా.
ఇందులో వాడికి పేరుంది. సిమ్మన్న.
మోకాలి నొప్పుంది.
పన్నెండో పేజీలో బూటు తాడు కట్టుకోడానికి వంగాడు,
నాకు ఒళ్లు జలదరించింది.
వాడికి కాళ్లేమిటి, వంగడమేమిటి!

రాసినావిడ పాపిష్టిది.
ఏదీ దాచలేదు, ఏదీ చెప్పలేదు.
వకుళకి తెలీదు. సిమ్మన్నకి తెలీదు.
తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే,
సముద్రానికి ఇవతల, గ్రీజు చేతులతో.
"రేపట్నుంచి సెలవెట్టేస్తానమ్మా" అంటాడు.
ఇవాళే పెట్టరా నాయనా,
అన్నాను, పైకే.
మోటారు ఒక చుట్టు తిరిగి ఆగింది.
ఎవరో ఆరో అంతస్తులో దిగి ఉంటారు.

ఎనభై ఒకటో పేజీలో వాన.
కరెంటు పోయింది, సిగ్నల్ ఆరిపోయింది.
సిమ్మన్న ఈల నోట్లో పెట్టుకుని
కూడలి మధ్యకి ఒక్క అడుగు వేశాడు.

మూసేశాను.
మిగిలింది గోరు మందం కూడా లేదు.
నాలుగు రోజులైంది,
వాడా అడుగులోనే తడుస్తున్నాడు.
"అయిందా?" అంటాడు మస్తాన్. "డ్యూటీ" అంటాను.
వాడైతే ఒక్క రాత్రిలో చదివేసి
పొద్దున్నే బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని
చాలాసేపు బయటికి రాలేదు.
బయట ఆరుగురం బకెట్లతో నిలబడ్డాం.

నాకూ ఉంటుందిలే ఎక్కడో ఒక ముందు కథ.
పొదిలి బస్టాండు పక్కన జెరాక్సు షాపు.
తన పాస్‌పోర్టు తనే జెరాక్సు తీసుకుంటూ
రెండేళ్లే, అని మిషనుకి చెబుతున్న ఒకడు.
పదకొండేళ్లు ఇవతలి నుంచి చదువుతున్నాను వాణ్ణి.
వద్దురా అనాలని లేదు.
కాసేపు అలాగే ఉండు,
ఆ పచ్చ వెలుగు నీ మొహానికి బాగుంది
అనాలనిపిస్తుంది, అంతే.

రెండూ పదికి గంట మోగింది.
పదమూడుకీ పద్నాలుగుకీ మధ్య లిఫ్టు ఇరుక్కుంది.
ఇంటర్‌కమ్‌లో ముసలి గొంతు, హిందీలో,
"లిఫ్ట్ భాయ్, ఉన్నావా?"
పలికాను.
"చీకటిగా ఉంది బేటా."
తెలుసు చాచా. నేను చెప్పేదాకా
ఒక్క అడుగు కూడా వేయొద్దు.
బ్రేకు వదిలి చక్రం చేత్తో తిప్పాను
వేలెడు, వేలెడు,
తలుపు అంతస్తుతో సమానమయ్యేదాకా.
"ఇప్పుడు" అన్నాను.
చెప్పులు నేలకి తగిలిన చప్పుడు
పదిహేను అంతస్తుల కిందినుంచి విన్నాను.
లేదా విన్నాననుకున్నాను.

చేతులు తుడుచుకుని పుస్తకం తీశాను.
నూనె మరక ముప్పై ఎనిమిదో పేజీకి పాకింది.
ఎనభై ఒకటి దగ్గర వేలు పెట్టి,
పెట్టిన వేలు తీసేసి,
మొదటికి తిప్పాను.
టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.